బండి కొన్న షోరూంలోనే సర్వీసు చేయించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నాలుగు నెలల క్రితం తిరుపతిలో ఒక షోరూంలో 125 సీసీ బండి తీసుకున్నారు. మొదట చెప్పిన ఆన్‌రోడ్ ధర, అంటే అన్నీ కలిపిన ధర కంటే చివరి బిల్లు 6,400 రూపాయలు పెరిగింది. రెండో సర్వీసుకు ఇస్తే 1,150 రూపాయలు అయ్యింది కానీ వెనుక చక్రం దగ్గరి టకటక శబ్దం పోలేదు. ఇప్పుడు ఫోను చేస్తే ఎత్తడం లేదు. సొంతూరు చిత్తూరు కాబట్టి అక్కడికి మారితే వారంటీ పోతుందా, అసలు షోరూంలన్నీ ఇంతేనా, ఫిర్యాదు చేయాలంటే దారి ఏమిటి అని అడుగుతున్నారు.

వారంటీ పోదు. అదే కంపెనీ అధీకృత సర్వీసు సెంటరు ఏ ఊళ్లో ఉన్నా ఫరవాలేదు. ఉచిత సర్వీసులు కూడా అక్కడ చెల్లుతాయి. వారంటీకి ముప్పు ఊరు మారడం వల్ల రాదు, పుస్తకంలో రాసిన కిలోమీటర్లు, రోజుల గడువు దాటించడం వల్ల వస్తుంది. ఇక షోరూంలన్నీ ఇంతేనా అంటే, కాదు. అయితే మంచిదేదో ముందు గదిలో సోఫాలో కూర్చుని చూస్తే తెలియదు. మనం కొనేది ముందు గదిలో, ఆ తర్వాత ఐదేళ్లూ మన వ్యవహారమంతా వెనుక షెడ్డుతో. ఆ షెడ్డు చూడకుండానే డబ్బు కడతాం.

నా సంగతి కూడా చెప్పాలి. పదకొండేళ్లు తిరుపతిలోనే ఒక డీలరు దగ్గర సర్వీసు అడ్వైజరుగా, అంటే బండి తీసుకుని ఫిర్యాదు రాసుకునే మనిషిగా, తర్వాత షెడ్డంతా చూసుకునే వర్క్స్ మేనేజరుగా చేశాను. ఆరేళ్లుగా కరకంబాడి రోడ్డు వైపు సొంత షెడ్డు నడుపుతున్నాను. అంటే ఇప్పుడు నేను వాళ్లకు పోటీ వ్యాపారిని, నేను చెప్పే చెడును కాస్త తగ్గించుకొని చదవండి. మీ బిల్లులో కనిపిస్తున్నలాంటి పద్దులు ఒకప్పుడు నా చేత్తో నేనే రాశాను, అది కూడా దాచను.

ముందు ఆ 6,400 చూద్దాం. మీరు పెట్టిన వివరం ప్రకారం హ్యాండ్లింగ్ ఛార్జీలు 1,800, ఆక్సెసరీల కిట్టు 2,900, అదనపు వారంటీ 1,700. వీటిలో మొదటిది కట్టనక్కరలేదు. కర్మాగారం నుంచి షోరూందాకా బండి రవాణా ఖర్చు ఎక్స్-షోరూం ధరలోనే, అంటే రిజిస్ట్రేషను, బీమా కలపకముందు ధరలోనే ఉంటుంది. బండి హర్యానా నుంచి వచ్చినా, మన సత్యవేడు మండలంలోని ఫ్యాక్టరీ నుంచి వచ్చినా అంతే. దించినందుకు, తుడిచినందుకు, కాగితాలు ఆర్టీవోకు పంపినందుకు వేరే రుసుము ఉండదు. ‘ఇది ప్రభుత్వానికి కట్టేది’ అని ఎవరైనా చెబితే రసీదు చూపించమనండి. ప్రభుత్వానికి వెళ్లేవి జీవిత పన్ను, రిజిస్ట్రేషను రుసుము, అప్పు మీద తీసుకుంటే దాన్ని ఆర్‌సీలో నమోదు చేసే రుసుము. దేనికైనా రసీదు ఉంటుంది.

కిట్టు సంగతి వేరు. సీటు కవరు, క్రాష్ గార్డు, మ్యాటు, అన్నీ కలిపి ‘తప్పనిసరి’ అంటారు. తప్పనిసరి కాదు, కానీ మీరు సంతకం చేశారు కాబట్టి ఇప్పుడు తిరిగి రాబట్టడం కష్టం. ఒకటి మాత్రం చూసుకోండి, కిట్టులో హెల్మెట్టుకు ధర వేశారా? బండి కొన్నప్పుడు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తున్న హెల్మెట్టు ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 138వ నియమం చెబుతుంది. వెనుక కూర్చునేవారి చేతిపట్టు, చీర గార్డు కూడా బండితో రావలసినవే. అదనపు వారంటీ మాత్రం నేను పెట్టుకోమనే చెబుతాను. ఎలక్ట్రానిక్ ఇంధన వ్యవస్థ ఉన్న ఇప్పటి బండ్లలో ఒక సెన్సరో, కంట్రోల్ యూనిట్టో పోతే ఆ డబ్బు ఒక్కసారిలోనే వచ్చేస్తుంది.

బీమా గురించి మీరు అడగలేదు గానీ అందరూ పోగొట్టుకునేది అక్కడే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి. 75 నుంచి 150 సీసీ వరకు ఆ ఐదేళ్లకు 2022లో నిర్ణయించిన ప్రీమియం 3,851 రూపాయలు, జీఎస్టీ అదనం. ఇది ఏ కంపెనీలోనైనా ఒకటే. తేడా వచ్చేది మీ బండికి జరిగే నష్టం తాలూకు భాగంలో, దాని మీద అతికించే అదనపు కవర్లలో. షోరూంలోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. బయట ధర కనుక్కుని, ఆ కాగితం పట్టుకుని వెళ్తే చాలాసార్లు వాళ్లే తగ్గిస్తారు. కారుకో మరో బండికో 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఇప్పటికే ఉంటే మళ్లీ కట్టక్కరలేదు. పాత బండి అమ్మి కొత్తది కొన్నవారు నో క్లెయిమ్ బోనస్‌ను, అంటే క్లెయిము చేయనందుకు సొంత బండి నష్టం ప్రీమియంలో ఇచ్చే తగ్గింపును, కొత్త పాలసీకి మార్చుకోవచ్చు. ఐదేళ్లు క్లెయిము చేయనివారికి అది 50 శాతం దాకా ఉంటుంది. ఇన్నేళ్లలో ఈ సంగతి తనంతట తాను కొనేవారికి చెప్పిన సేల్స్ కుర్రాణ్ని నేను ఒక్కణ్నే చూశాను. ఆరు నెలల్లో మానేశాడు.

లోను మాట కూడా ఒక్క ముక్క. ‘పది శాతమే వడ్డీ’ అన్నప్పుడు ఫ్లాటా, తగ్గే బాకీ మీదా అని అడగండి. ఫ్లాటంటే చివరిదాకా మొదటి అప్పు మొత్తం మీదే వడ్డీ, రెండోదంటే కట్టినకొద్దీ మిగిలిన బాకీ మీదే. 80,000 రూపాయలకు పది శాతం ఫ్లాటు, మూడేళ్లు అంటే వడ్డీ 24,000, నెలకు సుమారు 2,890. తగ్గే బాకీ లెక్కలో చూస్తే అది దగ్గర దగ్గర 18 శాతం.

ఇదంతా ఎందుకు జరుగుతుంది? మనుషులు చెడ్డవారై కాదు. బండి మీద డీలరుకు మిగిలేది పలచన. బీమా, లోను, కిట్టు, అదనపు వారంటీ, తర్వాత వర్క్‌షాపు, వీటి మీద షోరూం అద్దె నడుస్తుంది. సేల్స్ కుర్రాడికి నెలాఖరు లక్ష్యం ఉంటుంది. మీరు డబ్బు కట్టిన మరుక్షణం మీరు అతని లెక్కలో పూర్తయిన పద్దు. అందుకే ఫోను ఎత్తడు. మీ మీద కోపమేమీ లేదు, అతని తలలో అప్పటికి మరొకరున్నారు. అడ్వైజరుకు కూడా లక్ష్యం ఉంటుంది, ఒక్కో జాబ్‌కార్డు (బండికి చేయవలసిన పనులు రాసే కాగితం) మీద ఇంత ‘అదనపు విలువ’ రావాలని. నేనున్నప్పుడు ప్రతి సోమవారం ఉదయం ఎవరు ఎన్ని పాలిష్‌లు రాశారో బోర్డు మీద వేసేవారు. ఒక నెల నా పేరే అందరికన్నా పైన ఉండేది, సిగ్గు లేకుండా సంతోషించేవాణ్ని.

ఇప్పుడు మీ 1,150. ఇంజన్ ఆయిల్ 420, ఆయిల్‌లో కలిపే మందు 180, పాలిష్ 300, చైను స్ప్రే 150, కన్సూమబుల్స్ (పనిలో వాడి పారేసే చిల్లర సామాను) 100. ఉచిత సర్వీసు అంటే కూలి ఉచితం, ఆయిల్‌కు డబ్బు కట్టవలసిందే. కాబట్టి 420 న్యాయం. ఆ మందు నాలుగు నెలల బండికి అవసరం లేదు. కంపెనీ పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిల్ పోస్తే చాలు, అందులో కలపవలసినవన్నీ తయారీలోనే కలిపి ఉంటాయి. కొత్త పెయింటుకు పాలిష్ అంతకన్నా అనవసరం. స్ప్రే డబ్బా బయట కొనుక్కుంటే మీకు నెలల తరబడి వస్తుంది, అక్కడ ఒక్క పూతకు 150. తర్వాతిసారి జాబ్‌కార్డు మీద సంతకం చేసేముందు ‘పాలిష్, ఆయిల్ మందు వద్దు, అంచనా దాటితే ఫోను చేసి అడగాలి’ అని మీ చేత్తో రాయండి. నోటితో చెప్పింది షెడ్డులోకి వెళ్లదు. మెకానిక్కు చేతికి వెళ్లేది ఆ కాగితం ఒక్కటే.

అసలు విషయం ఇదే, శబ్దం పోకపోవడానికి కారణం కూడా ఇదే. మీ జాబ్‌కార్డు ఫోటో చూశాను. ‘జనరల్ సర్వీసు, వెనుక శబ్దం’ అని ఉంది. ఉదయం తొమ్మిదిన్నరకూ పదిన్నరకూ మధ్య ముప్పై బండ్లు దిగుతాయి, అడ్వైజరు ఒక్కో మనిషికి రెండు నిమిషాలు ఇస్తాడు. మధ్యాహ్నం మెకానిక్కు ఆ కాగితం చూస్తాడు. స్టాండు మీద పెట్టి చక్రం తిప్పుతాడు, శబ్దం రాదు, చైను కాస్త బిగించి పక్కన పెడతాడు. అతన్ని తప్పు పట్టలేం. ఎప్పుడు వస్తుందో, ఎంత వేగంలో వస్తుందో అతనికి ఎవరూ చెప్పలేదు.

నాకు ఇది నేర్పింది చంద్రగిరి నుంచి వచ్చే ఒక పాల వ్యాపారి. వెనుక కిర్రుమంటోందని రెండుసార్లు బండి తెచ్చాడు. రెండుసార్లూ మేము చూశాం, ఏమీ లేదన్నాం, బిల్లు వేశాం. మూడోసారి రెండు క్యాన్లూ నిండా పాలతో వచ్చి గేటు ముందు ఆపాడు. ఒక్కొక్కటి నలభై లీటర్లది. ‘సార్, బరువుతో తెచ్చాను. ఇప్పుడు మీరే నడిపి చూడండి’ అన్నాడు. అందరి ముందు అనేసరికి కాదనలేకపోయాను. తిరుచానూరు రోడ్డులో కిలోమీటరు వెళ్లేసరికి ఆ కిర్రు నా వెన్నులో వినిపించింది. పాలు విరిగిపోతాయని ఆయన కంగారు, సంగతి తేల్చాలని నా పంతం. క్యాన్లు నీడలో దించి చైను కేసు విప్పితే లోపలి వైపు వేలెడు పొడవున పెయింటు పోయి ఇనుము అద్దంలా మెరుస్తోంది. వెనుక చక్రాన్ని మోసే ఆర్మ్‌లో బుష్‌లు అరిగాయి. బరువు పడినప్పుడే చక్రం ఒక పక్కకు ఒరిగి చైను కేసుకు రాసుకుంటోంది. ఖాళీ బండిని స్టాండు మీద ఎన్ని రోజులు తిప్పినా అది దొరకదు. బుష్‌లకు అయిన ఖర్చు అంతకుముందు మేము వేసిన రెండు బిల్లుల్లో ఏ ఒక్కదానికన్నా తక్కువే.

కాబట్టి మీరు వెళ్లేముందు ఇంట్లోనే కాస్త పరీక్షించండి. ఖాళీగా ఉన్న చదును రోడ్డులో ముప్పై వేగంలో క్లచ్చు నొక్కి పట్టండి. ఇంజన్ వేగం తగ్గినా చక్రంతోపాటు టకటక కొనసాగితే అది ఇంజన్‌ది కాదు, చైనో, చక్రమో, బ్రేకో. గేరు మార్చినప్పుడు, యాక్సిలరేటర్ వదిలి పట్టినప్పుడు మాత్రమే ‘టక్’ మంటే హబ్బులోని రబ్బర్లను చూడమనండి. తర్వాత పెద్ద స్టాండు వేసి, ఇంజన్ ఆపి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పుతూ చైను కింది వరుసను వేలితో ఎత్తి చూడండి. ఒకచోట బిగువుగా, మరోచోట వదులుగా ఉంటే చైను సమంగా లేదు, బిగించినంత మాత్రాన పోదు. ఇంజన్ నడుస్తుండగా గేరు వేసి ఈ పరీక్ష చేయకండి, నా షెడ్డులోనే ఒక కుర్రాడి వేలి కొన పోయింది. తిరుమల నుంచి దిగేటప్పుడు కూడా శబ్దం వినడం కోసమని న్యూట్రల్ వేయకండి. ఘాటులో ఇంజన్ బిగువే సగం బ్రేకు.

మీకు కనిపించింది జాబ్‌కార్డులో ఇలా రాయించండి: ‘30-40 వేగంలో, మూడో గేరులో, వెనుక మనిషి కూర్చున్నప్పుడు కుడివైపు టకటక. ఇది రెండోసారి.’ ఆ ‘రెండోసారి’ అన్న మాటకు విలువ ఎక్కువ. అదే ఫిర్యాదుతో బండి మళ్లీ వస్తే కంపెనీ లెక్కలో అది డీలరుకు మచ్చ. రాయడానికి వెనకాడతారు, రాయించండి. వారంటీ పార్టు స్టాకులో లేదంటే ‘పార్టు రావలసి ఉంది’ అని తేదీతో రాయించుకోండి. ఒక విద్యార్థికి ఇంజన్ పక్కన ఆయిల్ కారుతుంటే నలభై రోజులు ‘వస్తుంది, వస్తుంది’ అని నోటి మాటతో నడిపించారు. ఈలోగా వారంటీ గడువు దాటింది. పాత జాబ్‌కార్డులో ‘ఆయిల్ లీకు’ అని ఒక్క పదం ఉండబట్టి ఉచితంగా అయ్యింది. లేకపోతే అతనే కట్టుకునేవాడు.

ఫిర్యాదు దారి గురించి అడిగారు. మొదట వర్క్స్ మేనేజరు, అడ్వైజరు కాదు. తేలకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. అది కంపెనీ ఏరియా మేనేజరుకు వెళ్తుంది, అక్కడి నుంచి షోరూంకు వచ్చే ఫోను మీరు పది సార్లు చేసిన ఫోనుకు సమానం. ఇంకొక ఆయుధం మీ చేతిలోనే ఉంది, ఎవరూ వాడుకోరు. సర్వీసు తర్వాత కంపెనీ నుంచి అభిప్రాయం అడుగుతూ ఫోను వస్తుంది. దానికి ముందే షోరూం నుంచి ‘సార్, పదికి పది చెప్పండి’ అని బతిమాలుతారు. పని కాకుండా పది ఇవ్వకండి. ఆ మార్కుల మీద డీలరుకు వచ్చే ప్రోత్సాహకాలు ఆధారపడతాయి. మొహమాటానికి పోయి పది ఇచ్చాక, ‘కస్టమరు సంతృప్తి’ అని మీ ఫిర్యాదు మూసేస్తారు.

ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు, సమస్య వచ్చిన రెండేళ్లలోగా వేయాలి. తిరుపతిలోనూ చిత్తూరులోనూ కమిషన్లున్నాయి. నా మాట అడిగితే ఆ 1,150 కోసం అంత దూరం వెళ్లకండి. హ్యాండ్లింగ్ 1,800 మాత్రం వెనక్కి ఇవ్వమని, ఏ నిబంధన కింద తీసుకున్నారో చెప్పమని ఒక ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపండి. ఈ ఉత్తరంతోనే డబ్బు తిరిగివచ్చినవారు నాకు ముగ్గురు తెలుసు. రానివారూ ఉన్నారు.

మీ వెనుక ఈ ప్రశ్న చదివేవారి కోసం ఒక మాట. దసరాకో ఉగాదికో అదే రోజు బండి తీసుకోకండి. రోజుకు ఎనిమిది బండ్లు తనిఖీ చేసి ఇచ్చే చోట ఆ రోజు నలభై ఇవ్వాలి. నట్లు బిగించడం, బ్యాటరీ ఛార్జింగు, బ్రేకు సరిచేయడం, అన్నీ కంటిచూపుతో అయిపోతాయి. ముందు రోజుల్లోనే తెచ్చుకుని, చక్కగా చూసుకుని, పండగనాడు అలిపిరికో కాణిపాకానికో తీసుకెళ్లి పూజ చేయించండి. నిమ్మకాయ తొక్కించేముందు టైరు పక్కన నాలుగు అంకెలు చదవండి. 3224 అంటే 2024లో 32వ వారంలో తయారైన టైరు. బండి తయారైన నెల, సంవత్సరం షోరూం ఇచ్చే అమ్మకపు పత్రం ఫారం 21లో ఉంటాయి. ఏడాది నిలవ ఉన్న బండిని కొత్త ధరకు ఇస్తుంటే అక్కడ తెలుస్తుంది. నిలవ బండి చెడ్డదేమీ కాదు, తగ్గింపు అడగాలి, అంతే.

షోరూం ఎంచుకోవడానికి ఒక పని రోజు సాయంత్రం ఐదు గంటలకు వెళ్లి సర్వీసు డెలివరీ కౌంటరు దగ్గర అరగంట నిలబడండి. మార్చిన పాత పార్టులు కవరులో వేసి చూపిస్తున్నారా? బిల్లు వివరించడానికి మనిషి ఉన్నాడా, క్యాషియరు మాత్రమేనా? గోడకు టార్క్ రెంచీ, అంటే నట్లను కొలత ప్రకారం బిగించే పనిముట్టు, వేలాడుతుంటే దాని మీద దుమ్ము చూడండి. మన ఊళ్లో ఈ పరీక్షలో నెగ్గేవి ఉన్నాయి. పేర్లు చెప్పను, నా పోటీదారులు.

చిత్తూరుకు వెళ్లాలా అన్నదానికి: నెలకోసారైనా ఇంటికి వెళ్తుంటే వెళ్లండి. శబ్దం మళ్లీ వస్తే మాత్రం సుమారు 70 కిలోమీటర్లు తిరిగి వెళ్లాలి. అందుకే ముందు ఇక్కడే ఇంకొక్క అవకాశం ఇవ్వండి. సోమవారం వద్దు, బుధ, గురువారాల్లో పదకొండు దాటాక వెళ్లండి, రద్దీ తగ్గుతుంది. ‘మెకానిక్కును వెనుక కూర్చోబెట్టుకుని నేను నడుపుతాను’ అని అడగండి, కాదనరు. బండి వదిలేముందు అడ్వైజరు చూస్తుండగా ట్రిప్ మీటరు సున్నా చేయండి. సాయంత్రం తీసుకునేటప్పుడు అది 0.2 చూపిస్తే వాషింగు దాకా, మళ్లీ గేటు దాకా తప్ప ఎవరూ నడపలేదని అర్థం. అప్పుడు డబ్బు కట్టకుండా మీటరు మీద వేలు పెట్టి అడగండి.